పాంక్రియాస్ క్యాన్సర్ మీద మొక్క సారం పరీక్షించాలంటే ఏ ఎలుక మోడల్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇది: వరంగల్‌లో ఎం.ఫార్మసీ, చేతిలో ఆరు నెలలు, డిష్‌లో పాంక్-1 (మనిషి పాంక్రియాస్ క్యాన్సర్) కణాలను చంపిన ఒక మొక్క సారం ఉన్నాయి. గైడ్ న్యూడ్ మైస్‌లో చర్మం కింద గడ్డ పెంచమంటున్నారు. సీనియర్ ఏమో కేపీసీ ఎలుకలైతేనే (జన్యు మార్పుల వల్ల పాంక్రియాస్‌లో తమంతట తామే క్యాన్సర్ వచ్చేవి) పేపర్ వస్తుందంటున్నాడు.

ఆరు నెలల్లో కేపీసీ అయ్యే పని కాదు. అందులో పీడీఎక్స్1-క్రే అనే జన్యువు ప్రధానంగా పాంక్రియాస్‌లో రెండు మార్పులను మేల్కొల్పుతుంది: క్యాన్సర్‌ను పెంచే కేరాస్ జన్యువులో జీ12డీ, క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువులో ఆర్172హెచ్. 2005లో వచ్చిన ఈ మోడల్ మనిషి జబ్బుకు చాలా దగ్గరగా ఉంటుంది. సగం ఎలుకలు దాదాపు ఐదు నెలలకే చనిపోతాయి. చిక్కంతా బ్రీడింగ్‌లోనే. మూడు జన్యువులూ ఒక్కో కాపీ చొప్పున కలవాలి. కేరాస్, పీ53 రెండూ ఉన్న ఎలుకను ఒక్క కాపీ క్రే ఉన్నదానితో కలిపితే పనికొచ్చే పిల్ల ఎనిమిదింటికి ఒకటి. ఆ కేరాస్ మార్పు రెండు కాపీలూ ఉంటే పిండం బతకదు కాబట్టి ఆ దారిలో అడ్డదారి కూడా లేదు. పైగా ప్రతి పిల్లకూ పీసీఆర్ (జన్యు పరీక్ష) చేయాలి, గడ్డ ఎప్పుడు మొదలైందో అల్ట్రాసౌండ్‌తో చూస్తూ ఉండాలి.

ఇక న్యూడ్ మైస్. వాటికి థైమస్ ఉండదు, రోగనిరోధక శక్తికి కీలకమైన టీ కణాలు ఉండవు. చర్మం కింద గడ్డ తేలిగ్గా వస్తుంది, కాలిపర్‌తో కొలవచ్చు (పొడవు × వెడల్పు × వెడల్పు ÷ 2). కానీ మనుషుల్లో ఈ గడ్డ నిండా గట్టి పీచు కణజాలం ఉంటుంది, రక్తనాళాలు తక్కువ, మందు లోపలికి చేరడమే కష్టం. చర్మం కింది గడ్డలో ఆ అడ్డంకి సరిగా ఏర్పడదు. అందుకే అక్కడ గడ్డను కరిగించిన మందులు ఆసుపత్రికి వెళ్లేసరికి చేతులెత్తేస్తాయి. కేపీసీ కూడా అన్నిసార్లూ నిజం చెప్పదు లెండి: పీచును తగ్గించే ఐపీఐ-926 అనే మందు, ఈ క్యాన్సర్‌కు వాడే కీమో మందు జెమ్‌సిటాబిన్‌తో కలిస్తే ఆ ఎలుకల్లో బాగా పనిచేసిందని 2009లో వచ్చింది, మనుషుల మీద ట్రయల్‌ను 2012లో మధ్యలోనే ఆపేశారు.

నా సలహా ఈ రెంటికీ మధ్య దారి. కేపీసీ గడ్డ నుంచి తీసిన సెల్ లైన్‌ను (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాలను) మామూలు సీ57బీఎల్/6 (బ్లాక్-6) ఎలుకల పాంక్రియాస్‌లోనే ఎక్కించండి. రోగనిరోధక శక్తి ఉంటుంది, పీచు వస్తుంది, ప్రత్యేక స్టెరైల్ గది అంతగా అక్కర్లేదు. ఆ లైన్ తీసిన ఎలుక పూర్తిగా బ్లాక్-6 జాతిదేనా అని ఇచ్చేవాళ్లను అడగండి; మిశ్రమ జాతిదైతే శరీరం గడ్డను తోసిపుచ్చుతుంది. పాన్02 అనే ఎలుక సెల్ లైన్ దొరుకుతుంది కదా అని తీసుకోవద్దు, అందులో కేరాస్ మార్పే లేదు. మనుషుల్లో ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు 90 శాతానికి అది ఉంటుంది.

ఎక్కించే రోజు కణాలు 90 శాతానికి పైగా బతికి ఉండాలి, మైకోప్లాస్మా (పెంచే కణాలకు పట్టే బ్యాక్టీరియా) పరీక్ష అప్పటికే అయిపోవాలి. మిల్లీలీటరుకు 33 లక్షల కణాలు ఉండేలా చల్లటి పీబీఎస్‌లో (ఉప్పు ద్రావణం) కలిపి, అంతే పరిమాణంలో మాట్రిజెల్ (కణాలను పట్టి ఉంచే జెల్) చేర్చండి. 30 మైక్రోలీటర్లలో దాదాపు 50 వేల కణాలు వస్తాయి. మాట్రిజెల్ 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలవుతుంది. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లో ఐస్ మీద కరగబెట్టండి, టిప్‌లు, సిరంజిలు కూడా చల్లగా ఉండాలి. సూది అమర్చి ఉన్న ఇన్సులిన్ సిరంజి మేలు, వృథా తక్కువ. మెడికల్ షాపులో రెండు రకాలు ఇస్తారు, జాగ్రత్త: నారింజ మూత యూ-100లో 3 యూనిట్లు 30 మైక్రోలీటర్లు, ఎర్ర మూత యూ-40లో అదే 3 యూనిట్లు 75.

కెటమిన్ 100, జైలజిన్ 10 మిల్లీగ్రాములు (కిలోకు) ఇచ్చి మత్తు ఎక్కాక, ఎడమ పక్కటెముకల కింద సెంటీమీటరు కోత పెట్టండి. ముదురు ఎరుపులో ప్లీహం కనిపిస్తుంది. దాన్ని మొద్దు ఫోర్సెప్స్‌తో మెల్లగా బయటికి లాగితే పాంక్రియాస్ తోక దానికి అంటుకుని వస్తుంది. సూదిని తోక నుంచి తల వైపు పోనిచ్చి నిదానంగా నొక్కండి. పారదర్శకంగా చిన్న బొబ్బ లేవాలి. లేవలేదంటే కణాలు బయటికి పోతున్నట్టే. సూది అలాగే ఉంచి 30 సెకన్లు ఆగి తీయండి. కారితే కాటన్ బడ్‌తో అద్ది, ఆ ఎలుక నంబరు రిజిస్టరులో రాయండి. కారిన కణాలు పొట్ట పొర మీద మొలకెత్తుతాయి, మీరేమో దాన్ని మెటాస్టాసిస్ (క్యాన్సర్ వ్యాపించడం) అని రాస్తారు. అలాంటి ఎలుకను తీసేయాలన్న నియమం ప్రోటోకాల్‌లో ముందే ఉండాలి. లోపలి పొరకూ చర్మానికీ వేర్వేరు కుట్లు వేయండి. ఏసీ గదిలో మత్తులో ఉన్న ఎలుక చలికే పోతుంది, మేలుకునే దాకా 37 డిగ్రీల ప్యాడ్ మీదే ఉంచాలి. నొప్పికి మెలాక్సికామ్ మరవొద్దు.

గడ్డ వచ్చిందని చేతికి తగిలాకే గ్రూపులుగా విడదీయండి, గ్రూపుకు 8 నుంచి 10. సారం లేని ద్రావణం ఒక గ్రూపు, జెమ్‌సిటాబిన్ (కిలోకు 100 మిల్లీగ్రాములు, వారానికి రెండుసార్లు, పొట్టలోకి ఇంజెక్షన్) ఒక గ్రూపు తప్పనిసరి. నోటి ద్వారా ఇచ్చేది కిలోకు 10 మిల్లీలీటర్లు, అంటే 20 గ్రాముల ఎలుకకు 0.2. మొక్క సారాలతో ఎక్కువ మంది మోసపోయేది బరువు దగ్గరే. చేదు సారం పడక ఎలుక తినడం మానేస్తే గడ్డ కూడా చిన్నదవుతుంది, అది మందు గుణం కాదు. వారానికి మూడుసార్లు బరువు, తిన్న మేత రెండూ రాయండి. మొదటి బరువులో 20 శాతం పోయినా, పొట్ట నీరు పట్టి ఉబ్బినా, గూని వంగి మూలన కూర్చున్నా ఆ రోజే ముగించాలి.

గోల్డెన్ హామ్‌స్టర్‌కు బీఓపీ అనే నైట్రోసమైన్ ఇచ్చి చేసే పాత మోడల్ కూడా ఉంది, కేరాస్ మార్పు అందులోనూ వస్తుంది. కానీ ఆ రసాయనం క్యాన్సర్ కారకం. ఫ్యూమ్ హుడ్, వ్యర్థాల ఏర్పాటు లేని చోట ముట్టుకోవద్దు.

ఫారం-బి (జంతు ప్రయోగానికి పెట్టే దరఖాస్తు) మీద సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం చేతికి రాకముందు ఎలుకలు ఆర్డర్ చేయొద్దు, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏలో నమోదైన బ్రీడర్ దగ్గరే కొనండి. మన దగ్గర ఏప్రిల్, మేలో హైదరాబాద్ నుంచి తెప్పిస్తే దారిలోనే వడదెబ్బ తగులుతుంది. రాత్రి బండి మాట్లాడుకోండి, వచ్చాక వారం అలవాటు పడనివ్వండి. గది 22 డిగ్రీల దగ్గర ఉండాలి. కరెంటు పోతే ఏసీకి జనరేటర్ కలిపి ఉందో లేదో డబ్బు కట్టక ముందే చూసుకోండి.