చెమ్మకొక మాట, వానకొక మాట

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో చదువుకుంటోంది. అద్దెకుంటున్న గదిలో గోడ చెమ్మగా ఉంటే ఓనరుకి 'వాల్ ఈజ్ వెట్' అని మెసేజ్ పెట్టింది. పైపు పగిలిందేమోనని ఆయన కంగారుగా ప్లంబర్‌ని పంపాడు. తీరా చూస్తే లీకేజీ ఏమీ లేదు. అసలు ఏ మాట వాడాలి? డ్యాంప్, మాయిస్ట్, సోగీ... వీటికి తేడా ఏంటండీ?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, మీ అమ్మాయి రాయాల్సిన మాట డ్యాంప్. మన చెమ్మ అదే. వెట్ అంటే చెయ్యి పెడితే నీళ్ళు అంటుకునేంత తడి, అందుకే ఆయన పైపు దాకా వెళ్ళిపోయాడు. ఇంగ్లండ్‌లో పాత ఇళ్ళకు ఇది ఎంత మామూలు బాధంటే, నేలలోంచి గోడకు పాకే చెమ్మకు 'రైజింగ్ డ్యాంప్' అని విడిగా పేరే ఉంది.

మాయిస్ట్ అన్నా కాస్త తడే, కానీ అది ఉండాల్సిన తడి, ఉంటే బాగుండే తడి. మెత్తటి కేకు మాయిస్ట్, కుండీలో మట్టి మాయిస్ట్, చెమర్చిన కళ్ళు మాయిస్ట్. మన రైతులు నేల పదును మీద ఉందంటారే, ఆ పదునుకి దగ్గరి మాట ఇది. గోడకు వాడితే వినేవాళ్ళకు వింతగా ఉంటుంది. అంటే తడి ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, తడిసింది ఏంటి, ఆ తడి మనకు కావాలా వద్దా అన్నది కూడా చూడాలి.

గాలిలో తేమ ఎక్కువైతే హ్యూమిడ్, మన ఉక్కపోత. ఇంటర్వ్యూ టెన్షన్‌లో చల్లగా, జిగటగా అయ్యే అరచేతులు క్లామీ. గాలీ వెలుతురూ లేక చలిగా, ముక్కవాసన కొట్టే గది డ్యాంక్.

వానలో తడిసి ముద్దయితే డ్రెంచ్డ్. నాకు చాలా ఇష్టమైన మాట ఇది, ఎందుకంటే పాత ఇంగ్లిష్‌లో దీని అర్థం తాగించడం, డ్రింక్ అనే మాటకు చుట్టమే. పశువులకు నోట్లో మందు పట్టించడాన్ని ఇప్పటికీ డ్రెంచింగ్ అనే అంటారు. సోక్ అంటే నానడం, పప్పు నానబెట్టినా, మనం వానలో నానినా అదే మాట.

సోగీ దగ్గర చాలామంది పొరబడతారు. నీళ్ళు పీల్చుకుని, ఉండకూడనంత మెత్తబడిపోయినదే సోగీ. టీలో ఎక్కువసేపు ఉంచిన బిస్కెట్ సోగీ, కానీ సాంబారులో కావాలని నానబెట్టుకున్న వడను నేనైతే సోక్డ్ అనే అంటాను. నీళ్ళు నిలిచిపోయిన పొలానికి, గ్రౌండుకి వాటర్‌లాగ్డ్.

ఇంకో మాటమ్మా. ఆ గోడ మీద నల్లటి మచ్చలు గానీ ఉన్నాయేమో చూడమనండి. అది బూజైతే 'డ్యాంప్ అండ్ మోల్డ్' అని రాసి, ఫొటో కూడా పెట్టమనండి. అక్కడి ఇళ్ళవాళ్ళకు బాగా తెలిసిన మాట అది, ఈసారి ప్లంబర్‌ని పంపరు.