జపాన్ స్కూల్లో టీచర్‌గా చేరుతున్నారా? మొదటి ఎన్‌కాయ్ మానకండి

"జపాన్‌లో గవర్నమెంటు స్కూలుకి ఇంగ్లిష్ టీచర్‌గా వెళ్తున్నాను. జపనీస్ అంతంతమాత్రం, మందు తాగను, మాంసం చేపలు ముట్టను. అక్కడి టీచర్లతో కలవగలనా?" అని అడిగారు.

కలవగలరు. మీరు చెప్పిన మూడింటిలో ఏదీ అడ్డం కాదు. అడ్డమయ్యేది ఒక్కటే: "తాగను, తినను, నాకెందుకులే" అని స్టాఫ్ విందు, అంటే ఎన్‌కాయ్, ఎగ్గొట్టడం. మొదటిసారి మానేస్తే రెండోసారి పిలుపులో పట్టు తగ్గుతుంది, మూడోసారి "ఆయన రారులే" అని స్థిరపడిపోతుంది.

అక్కడి స్టాఫ్ రూమ్‌లో బల్లలు ఒకదానికొకటి ఆనించి ఉంటాయి. పక్క టీచర్ మోచేయి తగిలేంత దగ్గర, అయినా రోజంతా మాటల్లేవు. పొద్దున "ఒహాయో గొజైమసు", వెళ్లేటప్పుడు "ఒసకినీ షిత్సురే షిమసు", అంటే మీకంటే ముందు వెళ్తున్నాను, ఏమనుకోకండి అని. అంతే. దీన్ని చూసి మనవాళ్లు తమంటే గిట్టదని బెంగపడతారు. గిట్టకపోవడం కాదు, పని ఒత్తిడి. పాఠాలయ్యాక పిల్లల ఆటల, కళల క్లబ్బులు, పేపర్లు, తల్లిదండ్రుల ఫోన్లు. ఆ మనుషులు నోరు విప్పేది ఎన్‌కాయ్‌లోనే. ఏప్రిల్‌లో స్వాగతం, డిసెంబర్‌లో బోనెన్‌కాయ్ (ఏడాది చివరి విందు), మార్చిలో బదిలీ అయ్యేవాళ్లకు వీడ్కోలు. ఇవి మూడూ ముఖ్యం.

విందు ఏర్పాట్లు చూసే టీచర్‌ని కంజి అంటారు. కనీసం వారం ముందు ఆయనకు మీ తిండి సంగతి చెప్పాలి. ఆ రోజు టేబుల్ దగ్గర చెబితే వంటలన్నీ ముందే ఖాయమైపోయి ఉంటాయి, పాపం ఆయనే నొచ్చుకుంటాడు. "వెజిటేరియన్" అన్న మాట ఒక్కటే సరిపోదు, మాంసం ముక్క తీసేసి చేపతో చేసింది పెట్టే అవకాశముంది. ఇలా చెప్పండి: "నికు మో సకానా మో తబెరారెమాసెన్. దాషి మో దమే దెసు." మాంసం, చేప తినలేను, దాషి కూడా వద్దు అని. ఈ దాషి అసలు చిక్కు. ఎండుచేపతో కాచే చారు అది. మిసో సూప్‌లో, కోడిగుడ్డు చుట్టల్లో, ఉడికించిన కూరల్లో మామూలుగా అదే ఉంటుంది. చల్లటి తోఫు మీద లేత గోధుమరంగు రేకులు, వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు లేచే పొట్టులా ఉంటాయి. అవీ ఎండుచేపే, కత్సుఓబుషి. వేడి వంటకం మీద చల్లితే ఆవిరికి ప్రాణమున్నట్టు కదులుతాయి. ఎదామామె (ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు), ఆలూ ఫ్రైస్, ఉమె (ఉప్పులో ఊరిన పుల్లటి పండు) పెట్టిన అన్నం ముద్ద చాలాచోట్ల దొరుకుతాయి. అయినా నాలుగు మెతుకులు ఇంట్లో తినే వెళ్లండి.

డబ్బు సాధారణంగా 4,000 నుంచి 6,000 యెన్‌లు. తాగకపోయినా చాలాచోట్ల అంతే ఇవ్వాలి. దాని మీద బేరాలొద్దు. సరిపడా నోట్లు కవర్లో పెట్టి ముందే కంజి చేతికివ్వండి.

చాలాసార్లు తతామి చాపల గది ఉంటుంది, చెప్పులు బయటే. చిరుగుల్లేని సాక్సులు వేసుకోండి. తలుపుకి దూరంగా ఉండే చోటు ప్రిన్సిపాల్‌ది. కూర్చునే చోటుకు చీటీలు తీయించకపోతే మీరు తలుపు వైపు నిలబడి, చూపించిన చోట కూర్చోండి. గ్లాసులు నిండినా ఎవరూ తాగరు. ఎవరో రెండు ముక్కలు మాట్లాడి "కంపాయ్" (చీర్స్) అనాలి. మీకు ఊలాంగ్ టీ తెప్పించుకుని, పెద్దవాళ్ల గ్లాసు అంచు కంటే మీ గ్లాసు అంచు కాస్త కిందికి ఉండేలా తాకించండి.

తర్వాత అసలు పని. అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు, పక్కవాళ్లు నింపాలి. తాగని మనిషికి ఇంతకన్నా మంచి అవకాశం లేదు. బీరు సీసా లేబుల్ పైకి ఉండేలా కుడిచేత్తో పట్టి, ఎడమచేయి కింద ఆనించి పోయండి. రెండు చేతులూ వాడటం మర్యాద. ప్రిన్సిపాల్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కరి దగ్గరికీ సీసాతో వెళ్లి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: ఏ క్లబ్బు చూస్తారు, ఊరేది. వచ్చీరాని జపనీస్ చాలు. మీకు పోయబోతే గ్లాసు రెండు చేతులా ఎత్తి పట్టండి. ఇక చాలనుకుంటే నిండుగా వదిలేయండి. ఖాళీ గ్లాసు కనబడితే మళ్లీ పోస్తారు.

ఎంగిలి పట్టింపు వాళ్లకూ ఉంది. అందరి గిన్నెలోంచి తీసుకోవడానికి విడిగా పుల్లలు (చాప్‌స్టిక్స్) ఉంటే అవే వాడాలి. పుల్లల నుంచి పుల్లలకు తిండి అందించకూడదు, దహనం తర్వాత అస్థికలు అలా అందుకుంటారు కాబట్టి. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడమూ చావుకి సంబంధించిందే. పిండం, అస్థికలు తెలిసిన మనకు ఇది ఒక్కసారి చెబితే చాలు.

గవర్నమెంటు స్కూలన్నారు కాబట్టి ఒక మాట. విదేశీ టీచర్లను రప్పించడానికి జపాన్ ప్రభుత్వం 1987లో మొదలుపెట్టిన జెట్ పథకంలో వెళ్తే ఒక దారి, స్కూళ్లకు టీచర్లను పంపే కంపెనీ మధ్యలో ఉంటే ఇంకో దారి. కొన్ని కంపెనీల కాంట్రాక్టుల్లో సెలవులున్న ఆగస్టు నెల జీతం కోసేస్తారు. కుర్రాళ్లు జపనీస్ పరీక్షలకు నెలలు చదువుతారు గానీ ఆ కాగితం ఒక గంట చదవరు. చాలా బాధనిపిస్తుంది. సంతకానికి ముందే నెలవారీ జీతం రాతలో అడగండి.

విందు సుమారు రెండు గంటలు. చివర్లో చాలాసార్లు అందరూ లేచి ఒకే ఒక్క చప్పట కొడతారు, చేతులు సిద్ధంగా పెట్టుకోండి. తర్వాత నిజికాయ్, అంటే రెండో విడత పార్టీ, ఎక్కువగా కరావొకే. దానికి వెళ్లకపోయినా తప్పులేదు. అయితే తాగిన మనిషి నడిపే కారు మాత్రం ఎక్కకండి. తెలిసి ఎక్కినవాళ్లకూ అక్కడ శిక్ష ఉంది.

మర్నాడు స్కూల్లో మొదటి పని: ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్, కంజి దగ్గరికి వెళ్లి "కినో వా అరిగతో గొజైమషిత", నిన్నటికి ధన్యవాదాలు. విందు శుక్రవారమైతే సోమవారం "కినో" బదులు "కిన్యోబి" అనండి. రాత్రి ఎవరు ఏడ్చారో, ఎవరిని తిట్టారో ఎత్తకండి, వాళ్లూ ఎత్తరు. భోజనాల తర్వాత పిల్లలు గదులు తుడిచే పావుగంటలో మీరూ చీపురు పట్టండి. నిన్న పక్కన కూర్చున్న టీచర్ తనంతట తాను వచ్చి పలకరిస్తారు.