నా పేరున ఎవరో చేసిన అప్పు

ప్రశ్న: మాది పలాస. చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాను. పిక్కలు కొనే సీజను కోసం 5 లక్షల రూపాయల అప్పు అడిగితే, రెండేళ్ల కిందట నేను ఏదో యాప్‌లో 48,000 తీసుకుని ఎగవేసినట్టు, మన అప్పుల చరిత్రను నమోదు చేసే సంస్థ సిబిల్‌లో ఉందని బ్యాంకు మేనేజరు చెప్పారు. ఆ యాప్ పేరైనా నేనెరుగను. అమెరికాలో ఇలాంటి వాటికి రాష్ట్రాలే చట్టాలు చేశాయని మా మేనల్లుడు అంటున్నాడు. మన రాష్ట్రం ఎందుకు చేయదు? ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: మీ మేనల్లుడు చెప్పింది నిజమే. అక్కడ ఒక సంస్థ నుంచి ప్రజల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ వంటి గుర్తింపు సంఖ్యలు) బయటికి పొక్కితే, ఆ సంస్థే తన ఖర్చుతో బాధితుల క్రెడిట్ ఖాతాలపై నిఘా ఏర్పాటు చేయాలని కొన్ని రాష్ట్రాలు చట్టం చేశాయి. ఆ గడువు డెలావేర్‌లో ఏడాది, మసాచుసెట్స్‌లో 18 నెలలు, కనెక్టికట్‌లో 24 నెలలు. అయితే నిఘా అన్నది దొంగ ఇంట్లో దూరాక మోగే గంట వంటిదే కాబట్టి, నా దృష్టిలో అంతకన్నా విలువైనది క్రెడిట్ నివేదికకు, అంటే మన అప్పుల చరిత్ర పత్రానికి, తాళం వేసుకునే హక్కు. తాళం తీయనిదే మన పేరున కొత్త అప్పు పుట్టడం కష్టం. కాలిఫోర్నియా 2003లోనే ఆ హక్కును అమలులోకి తెచ్చింది. 2017లో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ సమాచార సంస్థ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు బయటపడ్డాక, 2018 సెప్టెంబరు నుంచి ఆ దేశమంతటా ఈ సదుపాయం ఉచితమైంది.

మన దగ్గర బ్యాంకింగ్ కేంద్ర జాబితాలోని అంశం. క్రెడిట్ సమాచార సంస్థలు 2005 నాటి కేంద్ర చట్టం కింద, రిజర్వు బ్యాంకు అజమాయిషీలో నడుస్తాయి. అందువల్ల అమరావతిలో శాసనం చేసి వాటి నివేదికలకు తాళం వేసుకునే హక్కు ఇప్పించడం కుదిరే పని కాదు. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం వివరాలు పొక్కిన సంగతిని బాధితులకు తెలియజేయాలన్నది గానీ, ఉచిత నిఘా మాట ఎత్తలేదు. ఇది లోటేనని నా అభిప్రాయం.

అలాగని మీరు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తెప్పించుకోండి. స్కోరును పక్కనపెట్టి, ముందు ఎంక్వైరీల పట్టికను (మీ పేరున అప్పు కోసం మీ నివేదికను ఎవరెవరు చూశారో తెలిపేది), ఆ తరువాత చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్న భాగాన్ని చూడండి. ఆ అప్పు పుట్టిన నెలలో మీది కాని నంబరు ఏదైనా అక్కడ చేరి ఉంటే, మీ కేసుకు అంతకు మించిన ఆధారం ఉండదు. సిమ్ కోసమనో, జిరాక్సు కోసమనో మనం ఇచ్చి మరిచిపోయిన పాన్, ఆధార్ కాపీలు ఇలాంటి చోటే తేలుతాయి.

తరువాత ఆ అప్పును చూపిన క్రెడిట్ సంస్థకు, అప్పిచ్చిన కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అప్పు దరఖాస్తు కాపీని, డబ్బు జమ అయిన ఖాతా వివరాలను అడగండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. వారు పలకకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు; అందుకు రుసుము లేదు. పోలీసు ఫిర్యాదులో ఐటీ చట్టం 66సీ సెక్షన్‌ను ప్రస్తావించండి. ఒకరి గుర్తింపును మోసపూరితంగా వాడుకున్నవారికి దాని కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడకండి. సీజను దాటిపోతుందన్న ఆత్రంలో, వసూలు ఏజెంటు మాట విని సగమో పావో కట్టి సెటిల్ చేసుకుంటే, ఆ అప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది; నివేదికలోనూ సెటిల్డ్ అన్న మచ్చ మిగులుతుంది. ఫిర్యాదు రసీదు కాపీని మీ మేనేజరుకు ఇచ్చి, వివాదం తేలేవరకు మీ దరఖాస్తును తిరస్కరించకుండా ఉంచమని రాతపూర్వకంగా కోరండి.