కెమెరా ఎటు తిప్పాలో ముందు తేల్చుకో

చి. మాధవికి,

ఆదివారం క్లాసులన్నీ వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారటగా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తెనాలి లైబ్రరీ హాల్లో పాత కంప్యూటర్లు పోగేసి, పైసా తీసుకోకుండా లినక్స్ (విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్), తెలుగు టైపింగ్ నేర్పుతున్నారని మా వీధిలో చెప్పుకోని ఇల్లు లేదు. వీడియోల మాట వినగానే మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెబుతాను, కాస్త పెద్ద ఉత్తరమే, విసుక్కోకు.

తేలికవి ముందు. పాఠం చెప్పేవాళ్లకి కాలర్ మైక్ పెట్టండి, ఫ్యాను కింద నిలబెట్టకండి. బొమ్మ మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే ఓర్చుకోరు. టెర్మినల్లో, అదే కమాండ్లు టైపు చేసే కిటికీలో, అక్షరాలు పెద్దవి చెయ్యి, చూసేది ఫోన్లోనే కదా. వీడియో రికార్డు చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు రకం ఎంకేవీ పెట్టు. ఎంపీ4 పెట్టి మధ్యలో కరెంటు పోయిందంటే ఫైలు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీ అయితే అప్పటిదాకా తీసింది మిగులుతుంది, తర్వాత అక్కడే రీమక్స్ చేసుకోవచ్చు, అంటే ఎంపీ4గా మార్చుకోవచ్చు. మన కరెంటు సంగతి నీకు చెప్పాలా? ఫోన్ నంబరుతో ఖాతా వెరిఫై చేసుకోకపోతే యూట్యూబ్ 15 నిమిషాలు దాటిన వీడియో తీసుకోదు, ఆ పని మొదటిరోజే చూసుకో. టీ టైములో ఎవరి ఫోన్లోనైనా సినిమా పాట మోగితే ఆ ముక్క కోసెయ్యి, లేకపోతే కాపీరైట్ గొడవ. ప్రొజెక్టర్‌కి తగిలించే లాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంచకు. పాఠం మధ్యలో, తెర మూల నుంచి "నాన్నకి చెప్పకు" అని ఎవరిదో మెసేజ్ ఊడిపడితే ఇక ఆ రోజు క్లాసు క్లాసు కాదు.

ఇక అసలు సంగతి. గుంటూరులో మేం ఇలాంటి కంప్యూటర్ క్లబ్ నడిపిన రోజుల్లో ఒకావిడ వచ్చేది. భర్తకి డీటీపీ షాపు, అంటే శుభలేఖలూ కరపత్రాలూ కంప్యూటర్లో టైపు చేసిచ్చే షాపు ఉండేది, ఆయన మంచాన పడ్డాక తనే నడపాలని నేర్చుకోవడానికి వచ్చింది. ఒకరోజు షాపులోని శుభలేఖ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మా కంప్యూటర్లో తెరిచింది. తెర నిండా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. "ఆయన తెలుగులో టైపు చేసింది వైరస్ ఏమన్నా ఇంగ్లీషులోకి మార్చేసిందా అండీ?" అంది. హాలంతా ఘొల్లుమంది.

ఆ ఏడాది మా క్లబ్బులో ఎవరూ అంత మంచి ప్రశ్న వెయ్యలేదమ్మాయ్. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు బొమ్మలు అతికించేవి. ఆ ఫాంటు ఉన్న చోట తెలుగు, లేని చోట ఆ ఇంగ్లీషు గందరగోళం. 1991లోనే యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకీ కోడ్‌లిచ్చే ఉమ్మడి పద్ధతిలో, మన అక్షరాలకి సొంత కోడ్‌లు వచ్చాయి. 'అ' అంటే 0సీ05, ఏ ఫాంటు వేసినా అది 'అ'నే. ఆవిడ అడిగిందాన్ని పట్టుకుని మావాడు ఆ రోజు దీన్ని అద్భుతంగా చెప్పాడు.

ఆ వీడియో మొత్తం పెట్టాం. పెట్టిన కుర్రాడి మనసులో ఏ పాపం లేదు. ఎవడో ఆ ప్రశ్న, దాని వెనక నవ్వు, అంతవరకే కోసి, పైన వెటకారంగా ఓ ముక్క రాసి వాట్సాప్‌లో వదిలాడు. జవాబు ఎవరికి కావాలి? తిరిగి తిరిగి అది ఆవిడ కొడుకు కాలేజీ గ్రూపులోకి చేరింది. ఆ తర్వాతి ఆదివారం ఆవిడ రాలేదు. ఇంటికి వెళ్తే కాఫీ ఇచ్చింది, ఆయన మందుల గురించి, షాపు అద్దె గురించి మాట్లాడింది. గుమ్మం దాకా వచ్చి, "నా మొహం పడకుండా తీసుంటే సరిపోయేది కదండీ" అంది. మేం వీడియో తీసేశాం. వాళ్ల ఫోన్లలోది ఎలా తీయిస్తాం?

అందుకే నా మీద విసుగొచ్చినా, కోపమొచ్చినా ఈ ఒక్కటీ మాత్రం విను. కెమెరా తెర మీద, చెప్పేవాళ్ల మీద ఉండాలి, కూర్చున్నవాళ్ల మీదకి తిరక్కూడదు. ప్రశ్నలప్పుడు రికార్డింగ్ ఆపు. చెప్పేవాళ్లు ఆ ప్రశ్నని తమ మాటల్లో మళ్లీ చెప్పి జవాబివ్వాలి, దానివల్ల వెనకవాళ్ల మాట వినపడదన్న బాధ కూడా తీరుతుంది. మొదలుపెట్టే ముందు రికార్డు చేస్తున్నామని గట్టిగా చెప్పు. వద్దన్నవాళ్లని కారణం అడగకు. స్కూలు పిల్లలైతే తల్లిదండ్రులని అడగాల్సిందే, 2023 డేటా చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. ఏడాది తర్వాత వచ్చి తీసెయ్యమన్నా తీసెయ్యి.

కమిటీ మీటింగులు మాత్రం అసలు తీయొద్దు. కెమెరా ఉంటే ఒక్కొక్కడూ ఉపన్యాసం ఇస్తాడు, టీ డబ్బులు ఎవరివ్వాలన్నది తేలదు. ఏం నిర్ణయించారో ఒక పేజీ రాసి పెట్టండి, చాలు. పారదర్శకత అని నువ్వు వాదిస్తావని తెలుసు. లెక్కలు పెట్టు, పోట్లాటలు పెట్టకు.

ఛానెల్ నీ సొంత జీమెయిల్ మీద తెరవకు. రేపు ఉద్యోగానికి బెంగళూరు పోతావు, నంబరు మారుతుంది, ఇక్కడున్నవాళ్లు తాళం లేక నిలబడతారు. క్లబ్బుకి వేరే ఖాతా తెరిచి, ఇంకో ఇద్దరికి అనుమతులు ఇవ్వు. ఒక కాపీ హార్డ్ డిస్కులో, ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భండారంలో ఉంచు. 2020లో యాహూ గ్రూప్స్ (ఈమెయిల్ చర్చా బృందాలు) మూతపడితే ఎన్నేళ్ల కబుర్లు పోయాయో మా తరానికి తెలుసు.

నా దగ్గర కాలర్ మైక్ ఒకటుంది, వైరు కాస్త నలిగింది గానీ పనిచేస్తుంది. మీ అమ్మ వచ్చే వారం వస్తానంది, ఇచ్చి పంపుతాను. మొదటి వీడియో అన్‌లిస్టెడ్‌లో, అంటే లింకు ఉన్నవాళ్లకే కనపడేలా పెట్టి, ఆ లింకు నాకు పంపు, ఎవరి మొహమైనా పడిందేమో నేనూ ఒకసారి చూస్తాను. ఆదివారాలు మధ్యాహ్నం భోజనం మానేస్తున్నావట, మీ అమ్మే చెప్పింది. అదేం బాగాలేదు.

మీ మావయ్య