స్కోరర్ బల్ల పక్కన నిలబడు

తమ్ముడూ,

కబడ్డీ ఫైనల్ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆ మ్యాచ్ నేనూ చూశాను. పొద్దున్నే విజయవాడలో గుంటూరు నాన్‌స్టాప్ బస్సెక్కి వచ్చి, స్కోరర్ బల్ల వెనకాల మొదటి కూత నుంచి చివరిదాకా నిలబడే ఉన్నాను, అందుకే నీకు ఇంత సూటిగా రాస్తున్నాను. నీ రాతలో మీ కాలేజీ అంటే ప్రాణం ఉంది. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. కానీ ఓడిపోయామన్న బాధలో మీవాడికే అన్యాయం చేశావు.

"29-31తో ఓడాం, మన రెయిడర్ తొందరపాటే కారణం" అని రాశావు. ఫస్టాఫ్ చివర్లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకో. కోర్టులో మీవాళ్లు ఇద్దరే మిగిలారు. అవతల ఏడుగురూ ఉన్నారు. అప్పటికే మీ కూతలు వరసగా రెండు ఖాళీగా పోయాయి, అంటే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే వెళ్లినవాడు అవుట్. ఎదురుగా ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ దొరుకుతుంది కాబట్టి బోనస్ గీత దాటి ఒక పాయింటు తెచ్చుకుని వెనక్కి రావచ్చు కదా అన్నది నీ వాదన. నిజమే, పాయింటు వస్తుంది. కానీ బోనస్‌తో బయట కూర్చున్నవాళ్లలో ఒక్కడు కూడా లోపలికి రాడు. టచ్ చేస్తేనే వస్తాడు. బయట ఉన్న అయిదుగురిలో ముందుగా అవుటైనవాడు ఎవరు? మీ లెఫ్ట్ కార్నర్, అంటే ఎడమ చివర నిలబడి పట్టేవాడు, జట్టులో అందరికంటే గట్టి పట్టున్నవాడు. ఒక్క టచ్ పడితే ముందు లోపలికొచ్చేది అతనే, అప్పుడు కోర్టులో ముగ్గురవుతారు, ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు అవతలి రెయిడర్‌ని పట్టుకుంటే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. ఆ కుర్రాడు ముప్పై సెకన్లలో, కూత ఆపకుండా, ఇంత లెక్క వేసుకుని లోపలికి వెళ్లాడు. అవతలి రైట్ కార్నర్ కుర్రాడు అతని మడమ దొరకబుచ్చుకున్నాడు. తర్వాతి రెయిడ్‌లో మిగిలిన ఒక్కడూ పోయాడు, జట్టంతా అవుటై లోనా పడింది. లోనాకి రెండు పాయింట్లు, మీరు ఓడింది రెండు పాయింట్లతో.

ఇది తొందరపాటు ఎలా అవుతుంది చెప్పు? మ్యాచ్ అయ్యాక నేను అతన్ని అడిగాను. "మావాడు లోపలికొస్తే సూపర్ టాకిల్ ఉంటుంది కదా సార్" అన్నాడు, అంతే. నువ్వు అదే కాలేజీ, బహుశా అదే హాస్టల్ కూడా, అడిగి ఉండాల్సింది. రాసేముందు ఎవరి మీద రాస్తున్నావో వాళ్లని ఒక్క మాట అడుగు, వాళ్ల మాటే వేదం అని కాదు, గ్యాలరీలోంచి కనపడనిది వాళ్ల దగ్గర ఉంటుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ఆ మధ్య ఒకాయన ఫోన్ చేశాడు, తను కాలేజీలో ఉండగా ఆడిన ఒక సెమీఫైనల్‌లో తనకి ఎన్ని పాయింట్లు వచ్చాయో చెప్పగలనా అని. వాళ్లమ్మాయి ఇప్పుడు స్కూల్లో కబడ్డీ ఆడుతోందట, "నువ్వెన్ని కొట్టావు నాన్నా" అని అడిగిందట. నా పాత నోట్‌బుక్ తీశాను. ఆ మ్యాచ్ ఉంది. "అద్భుతంగా ఆడాడు", "మెరుపులా దూసుకెళ్లాడు" అని నా చేత్తో రాసి ఉంది. పాయింట్లు లేవు. ఆయనకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది, ఆ రోజంతా మనసు మనసులో లేదు.

2002 నవంబరు 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియా మీద క్రిస్ గేల్ 140 కొట్టాడు, వెస్టిండీస్ 135 పరుగులతో గెలిచింది. ఈ లెక్క నువ్వు నిమిషంలో వెతికి పట్టుకోగలవు. అదే సంవత్సరం మన కాలేజీల్లో వాలీబాల్, ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాళ్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది? షీల్డు మీద కాలేజీ పేరు ఉంటుంది, స్కోర్‌షీట్ పీడీ సార్ బీరువాలో కొన్నాళ్లుండి పోతుంది. నువ్వు రాయకపోతే ఆ ఆట జరిగినట్టే ఉండదు. అందుకని ముందు లెక్క రాసుకో. ఎన్నో నిమిషం, కూతకెళ్లినవాడి జెర్సీ నంబరు, వచ్చింది టచ్చా బోనసా ఖాళీయా, పట్టుకున్నది ఎవరు. పేర్లు, ఇంటిపేర్లతో సహా, స్కోరర్ దగ్గర సరిచూసుకో. వర్ణన తర్వాత రాసుకోవచ్చు.

అవతలి కాలేజీవాళ్ల పేర్లు కూడా రాయి. ఆ మడమ పట్టిన కుర్రాడి పేరు నీ రాతలో ఎక్కడా లేదు! మ్యాచ్‌ని మలుపు తిప్పిన పట్టు అది.

"రిఫరీ అమ్ముడుపోయాడు" అన్న మాట తీసెయ్. నువ్వు కూర్చున్నది అవతలి చివర, అక్కడి నుంచి రిఫరీ తీర్పిచ్చిన ఆ లాబీ గీత, అంటే కోర్టు పక్క గీత, కనపడదు. కనపడింది కనపడినట్టు రాయి, మీ జట్టు అభ్యంతరం చెప్పిందని రాయి, అంతవరకే.

ఈ పిల్లలకి పద్దెనిమిదీ ఇరవయ్యేళ్లు. అట్నుంచి యూనివర్సిటీ టీమ్ సెలక్షన్, సౌత్‌జోన్, ఆలిండియా ఇంటర్ వర్సిటీ, ఆ సర్టిఫికెట్లు పట్టుకుని స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం దాకా ఎన్నో ఆశలుంటాయి, ఇంట్లోవాళ్లవి కూడా. తప్పు చేస్తే రాయొద్దని అనడం లేదు. తప్పు ఆటలో ఉంటే ఆటలోదే రాయి, మనిషికి మచ్చ పెట్టకు.

ఇంకొకటి. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి అదే మ్యాట్ మీద అమ్మాయిల ఫైనల్ జరిగింది. మీ కాలేజీ అమ్మాయిలు గెలిచారు కూడా. నీ రాతలో ఒక్క వాక్యం లేదు. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్ ఆర్చరీలో మూడు బంగారు పతకాలు తెచ్చినప్పుడు అందరం మనమ్మాయే అన్నాం. గెలిచాక అనడం తేలికే తమ్ముడూ, పొద్దున ఎనిమిదింటికి ఖాళీ గ్యాలరీలో కూర్చుని రాసుకోవాలి.

వచ్చే శనివారం అమ్మాయిల ఖోఖో సెమీస్ ఉన్నాయని పీడీ సార్ చెప్పారు. నేను మొదటి బస్సుకే వస్తాను. నువ్వు నోట్‌బుక్, రెండు పెన్నులు తెచ్చుకో, స్కోరర్ బల్ల పక్కన ఇద్దరికీ చోటుంటుంది. ఈలోగా ఆ రెయిడర్‌ని ఒకసారి కలువు.

మీ అన్న