మెత్తటి జెల్ లోపల వెండి గీతలు

ప్రశ్న: హైడ్రోజెల్ లోపల లేజర్‌తో అతి సన్నటి లోహపు ఆకారాలు గీస్తున్నారట. పైపొర చెక్కుచెదరకుండా లోపల మాత్రమే లోహం ఎలా వస్తుందండీ? ఆ వేడికి జెల్ పాడైపోదా?

జవాబు: లోహాన్ని బయటి నుంచి ఎక్కించరండీ, అది ముందే జెల్‌లో ఉంటుంది. హైడ్రోజెల్ అంటే నీటిని పట్టి ఉంచే పాలిమర్ వల, మెత్తటి కాంటాక్ట్ లెన్సులు దాంతో చేసినవే. దాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో నానబెడితే వెండి అయాన్లు నీటితో పాటు లోపలికి చేరతాయి, జెల్ మాత్రం పారదర్శకంగానే ఉంటుంది. ఒక్కో అయాన్‌కి ఒక్క ఎలక్ట్రాన్ అందితే చాలు, వెండి పరమాణువైపోతుంది, అవన్నీ గుమిగూడితే నానోకణాలు. లేజర్ పని ఆ ఎలక్ట్రాన్ అందేలా చూడటమే.

ఇక లోపల మాత్రమే ఎందుకంటే, సాధారణంగా వాడే పరారుణ కాంతిలో ఒక్క ఫోటాన్‌కి, అంటే ఒక్క కాంతి కణానికి, అంత శక్తి ఉండదు. రెండో అంతకన్నా ఎక్కువో ఫోటాన్లు ఒకేసారి ఒకేచోట పడాలి. ఇలా జరగొచ్చని భౌతిక శాస్త్రవేత్త మరియా గోపర్ట్ మేయర్ 1931లోనే లెక్కగట్టి చెప్పారు, అప్పటికి లేజరే లేదు! రెండు ఫోటాన్ల లెక్కలో కాంతి తీవ్రత 10 రెట్లు తగ్గితే ఈ చర్య 100 రెట్లు పడిపోతుంది, అందుకే కిరణం పైపొరలను ఊరికే దాటిపోయి, లెన్స్ కేంద్రీకరించిన చుక్క దగ్గరే పని చేస్తుంది. జెల్‌ని మెల్లగా జరుపుతుంటే మైక్రోస్కోపులో ఆ చుక్క వెనకాలే నల్లటి గీత పడుతూ కనిపిస్తుంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ బృందం ఇలాగే జెలటిన్‌లో 100 నానోమీటర్ల కన్నా చిన్న వెండి నిర్మాణాలు చేసింది. ఒకదానికొకటి తగలకుండా ఉన్నా వాటిని జెలటినే పట్టి ఉంచుతుంది, నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే.

వేడి గురించి మీ అనుమానం సరైనదే. ఈ లేజర్ కాంతి ఫెమ్టోసెకండ్ పల్సులుగా, అంటే అతి చిన్న మెరుపులుగా వస్తుంది. ఫెమ్టోసెకండ్ అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, అందులో మళ్లీ వెయ్యో వంతు, కాబట్టి ఒక్కో పల్స్ వేడి పెద్దగా పాకదు. కానీ వెండి ఏర్పడ్డాక అదే కాంతిని పీల్చి వేడెక్కుతుంది, పవర్ కాస్త ఎక్కువైతే పక్కనున్న నీరు మరిగి బుడగ వచ్చి గీత చెదిరిపోతుంది.

జెల్ ఉబ్బితే గీతల మధ్య దూరం మారి, వాటి మీద పడిన కాంతి చెదిరే తీరూ మారుతుంది, అందుకే సెన్సర్లకు పనికొస్తుంది. నరాల దగ్గర పెట్టే మెత్తటి ఎలక్ట్రోడ్ల మీదా ఆశలున్నాయి, కాకపోతే ఇది కణాల పేర్పు, గట్టి తీగంత బాగా కరెంటు పారదు. పైగా మిగిలిన వెండి అయాన్లను బాగా కడిగేయాలి, లేకపోతే వెలుతురుకి జెల్ అంతా నల్లబడుతుంది, జీవకణాలకూ హాని.