పర్డ్యూ 2023-24 సీజన్: బాస్కెట్‌బాల్ తెలియని మనవాళ్లకు అందులో ఏముంది?

మీరు అడిగింది ఇది: "మా తమ్ముడు ఆగస్టులో ఎమ్మెస్‌కి ఇండియానా వెళ్తున్నాడు. అక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే జనం ఊగిపోతారట. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కూడా చూడని మన పిల్లలకు అందులో ఏముంటుంది? ఒక సీజన్ మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్లెవరైనా చెప్పండి."

నేను చూశాను. వెస్ట్ లఫాయెట్‌లోని పర్డ్యూ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు అక్కడి పురుషుల జట్టు 2023-24 సీజన్‌ని నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వదలకుండా చూశాను. జట్టు ఫైనల్లో ఓడిపోయింది. అయినా, క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టని నన్ను ఆ ఆరు నెలలూ కట్టిపడేసింది. ఆ పిల్లలు ఎలాంటి ఓటమి తర్వాత మళ్లీ కోర్టులోకి దిగారో నా కళ్లతో చూసి ఉండటమే దానికి కారణం. కాబట్టి ముందు ఏడాది నుంచి చెప్పాలి.

కాలేజీ సీజన్ నవంబరులో మొదలవుతుంది. మార్చి మధ్యలో దేశం మొత్తం మీద 68 జట్లను ఎంపిక చేసి నాకౌట్ టోర్నమెంట్ పెడతారు. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. జట్లను నాలుగు గ్రూపులు చేసి ఒక్కోదాంట్లో 1 నుంచి 16 దాకా ర్యాంకులిస్తారు (68లో ఎక్కువైన నాలుగు జట్లు ముందే అర్హత మ్యాచ్‌ల్లో తగ్గిపోతాయి). మొదటి రౌండ్‌లో 1వ ర్యాంకు జట్టు 16వ ర్యాంకు జట్టుతో ఆడుతుంది. 2023 మార్చి 17న ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో 1వ ర్యాంకు పర్డ్యూ, 16వ ర్యాంకు ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడిపోయింది. పురుషుల టోర్నమెంట్ చరిత్రలో అలా జరగడం అది రెండోసారి మాత్రమే. మొదటిసారి 2018లో వర్జీనియాకి జరిగింది.

కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్-1 జట్లన్నిటిలోనూ ఆ ఏడాది సగటు ఎత్తు అందరికంటే తక్కువ ఉన్నది ఫెయిర్లీ డికిన్సన్ జట్టే. మా సెంటర్, అంటే బాస్కెట్ దగ్గర ఆడే పొడగరి, జాక్ ఎడీ 7 అడుగుల 4 అంగుళాల మనిషి. వాళ్లు ఎడీ చుట్టూ మూగేసి, మా గార్డులు (బంతిని ముందుకు తెచ్చేవాళ్లు) బంతితో సగం కోర్టు దాటకముందే మీద పడుతూ వచ్చారు. ఆ ఇద్దరు గార్డులూ, బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, అప్పటికి మొదటి సంవత్సరం పిల్లలు. ఎడీని కాపలా కాయడానికి మిగతా షూటర్లను ఖాళీగా వదిలేశారు. పర్డ్యూ 26 త్రీ పాయింటర్లు, అంటే దూరం నుంచి మూడు పాయింట్లకి వేసే బంతులు, వేస్తే పడ్డవి 5. ఆఖరి నిమిషాల్లో ఎడీ బాస్కెట్ కింద చెయ్యెత్తి బంతి అడుగుతూనే ఉన్నాడు, అతని చేతికి బంతి రాలేదు. మా అపార్ట్‌మెంట్‌లో టీవీ కట్టేశాక చాలాసేపు ఎవరూ లేవలేదు. అప్పటికి నాకు రూల్స్ కూడా సరిగ్గా తెలియవు. అయినా ఆ ఎత్తిన చెయ్యి మర్చిపోలేకపోయాను.

దానికి ముందు రెండేళ్లూ ఇదే కథ. 2021లో 13వ ర్యాంకు నార్త్ టెక్సస్ చేతిలో, 2022లో 15వ ర్యాంకు సెయింట్ పీటర్స్ చేతిలో ఓడారు. దేశమంతా నవ్వింది. కోచ్ మాట్ పెయింటర్‌ని తీసేయమన్నవాళ్లున్నారు.

కాలేజీ ఆటలో ఈ మధ్య వచ్చిన మార్పు గురించి ఇక్కడ చెప్పాలి. ఆటగాళ్లు ఇప్పుడు తేలిగ్గా కాలేజీ మారిపోవచ్చు. 2021 జులై నుంచి తమ పేరు, ఫోటో వాడుకోనిచ్చి ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు కూడా. ఒక జట్టు అంత అవమానకరంగా ఓడితే సగం మంది సర్దుకుని వేరే చోటుకి వెళ్లిపోవడం మామూలే. పర్డ్యూలో మాత్రం ప్రధాన ఆటగాళ్లెవరూ కదల్లేదు. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎడీ పేరు ఇచ్చి, మే నెలాఖరు గడువు దగ్గర వెనక్కి తీసుకున్నాడు. ఇంకో ఏడాది కాలేజీలోనే ఆడతానన్నాడు.

ఎడీది కెనడా, టొరంటో. చదువుకోవడానికి అమెరికా వచ్చిన విదేశీ విద్యార్థి, మనవాళ్ల లాగే. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్యాంపస్ బయట ఇష్టమొచ్చినట్టు పనిచేసి సంపాదించే వీల్లేదని మీ తమ్ముడికి ఈపాటికే తెలిసి ఉంటుంది. దేశంలో నంబర్ వన్ ఆటగాడికీ అదే అడ్డంకి. తోటి అమెరికన్ స్టార్లు ప్రకటనలతో లక్షల డాలర్లు సంపాదిస్తుంటే వీసా నిబంధనల వల్ల ఎడీకి ఆ దారి దాదాపుగా మూసుకుపోయింది. లైబ్రరీలో గంటల లెక్కన పనిచేస్తూ, వారానికి 20 గంటలు దాటకుండా చూసుకునే మా అందరికీ ఈ సంగతి తెలిశాక అతను ఒక్కసారిగా మా మనిషి అయిపోయాడు. డబ్బుకి అంత అడ్డు ఉండి కూడా వెనక్కి వచ్చాడంటే ఆ ఓటమి అతన్ని ఎంత కుదిపిందో నాకు అర్థమైంది.

పెయింటర్ జట్టుని మార్చేయలేదు. లోటు ఉన్నచోట ఒక మనిషిని తెచ్చాడు. సదరన్ ఇల్లినాయి నుంచి లాన్స్ జోన్స్ అనే సీనియర్ గార్డు వచ్చాడు. ప్రత్యర్థి మీద పడితే బెదరడు, బంతి జారవిడవడు, ఎదుటి జట్టు ఉత్తమ గార్డుని కాపు కాస్తాడు. కొలంబస్‌లో లేనిది సరిగ్గా అదే. స్మిత్, లోయర్ ఇద్దరూ ఒక ఏడాది ముదిరారు.

నవంబరులో హవాయిలోని మావి దీవి పేరుతో జరిగే మావి ఇన్విటేషనల్ టోర్నమెంట్. ఆ దీవిలోని లహైనా కార్చిచ్చు వల్ల ఆ ఏడాది దాన్ని హోనలులూలో పెట్టారు. వరసగా గొంజాగా, టెనసీ, మార్కెట్ (Marquette) యూనివర్సిటీ జట్ల మీద గెలిచి పర్డ్యూ కప్పు తీసుకుంది. డిసెంబరులో టొరంటోలో అలబామా మీద 92-86, ఇండియానాపొలిస్‌లో అరిజోనా మీద 92-84. నాకు ఆట తలకెక్కింది ఈ రెండు నెలల్లోనే.

వాళ్లు ఆడే పద్ధతి ఒకటి పట్టుకుంటే మిగతాదంతా తెలిసిపోతుంది. స్మిత్ బంతి కొట్టుకుంటూ వస్తాడు. ఎడీ వెళ్లి స్మిత్‌ని కాస్తున్నవాడికి అడ్డంగా నిలబడతాడు. స్మిత్ ఆ అడ్డం పక్కనుంచి దూసుకెళ్తాడు, ఎడీ వెంటనే బాస్కెట్ వైపు తిరుగుతాడు. ఇప్పుడు ఎదుటి సెంటర్ ఎవరిని ఆపాలి? స్మిత్‌ని ఆపితే బంతి గాల్లోంచి ఎడీ చేతికి. ఎడీని ఆపితే స్మిత్ స్వయంగా వేస్తాడు. సాయానికి మూడోవాడు వస్తే వాడు వదిలేసి వచ్చిన లోయరో, మేసన్ గిల్లిసో త్రీ వేస్తారు. ఆ సీజన్‌లో పర్డ్యూ త్రీ పాయింటర్లు 40 శాతానికి పైగా పడ్డాయి, దేశంలోకెల్లా మెరుగైన జట్లలో ఒకటి. కొలంబస్‌లో ఓడించిన ఎత్తుగడకి ఇదే జవాబు. టీవీలో కెమెరా బంతి వెంట తిరుగుతుంది కాబట్టి ఇదంతా కనిపించదు. స్టేడియంలో పై వరసలో కూర్చుంటే చదరంగం బల్లలా మొత్తం కళ్ల ముందుంటుంది.

స్టేడియం అంటే మాకీ అరీనా. 1967లో కట్టింది, 14,800 మందికి పైగా పడతారు. పైన గుండ్రటి కప్పు, దాని కింద అరుపులు తిరిగి తిరిగి మన మీదకే వస్తాయి. విద్యార్థుల విభాగాన్ని పెయింట్ క్రూ అంటారు, మ్యాచ్ మొత్తం నిలబడే ఉంటారు. ప్రత్యర్థి ఫ్రీ త్రో వేసేటప్పుడు పక్కనున్న స్నేహితుడు చెవిలో మాట్లాడినా వినపడదు. జనవరిలో బయట ఎముకలు కొరికే చలి, లోపల స్వెటర్ విప్పి నడుముకి కట్టుకోవాల్సి వచ్చేది.

ఓటములూ ఉన్నాయి. నార్త్‌వెస్టర్న్‌లో ఓవర్‌టైమ్‌లో 92-88, నెబ్రాస్కాలో 88-72, ఒహాయో స్టేట్‌లో 73-69, పర్డ్యూ ఆడే లీగ్ అయిన బిగ్ టెన్ కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో విస్కాన్సిన్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటుతో. మొదటి రెండు చోట్లా పర్డ్యూ అప్పటికి దేశంలో నంబర్ వన్. ఆ జట్టుని ఓడిస్తే అక్కడి విద్యార్థులు కోర్టు మీదకి ఉరికొచ్చేస్తారు. మిగతా కాన్ఫరెన్స్ అంతా ఊడ్చేశారు, 17 గెలుపులు, 3 ఓటములతో (17-3) టైటిల్. బద్ధ శత్రువు ఇండియానా మీద వాళ్ల ఊళ్లో 87-66, మా ఊళ్లో 79-59.

మార్చిలో అసలు టెన్షన్. మళ్లీ 1వ ర్యాంకు, మళ్లీ 16వ ర్యాంకు జట్టుతో మొదటి మ్యాచ్. ఈసారి గ్రాంబ్లింగ్ స్టేట్, ఇండియానాపొలిస్‌లో. క్యాంపస్‌లో ఆ వారం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ల్యాబ్‌లో ప్రొఫెసర్ దగ్గర్నుంచి బస్సు డ్రైవర్ దాకా అందరి ముఖాల్లో ఒకటే భయం. 78-50తో గెలిచారు. ఆ రోజు మా ఇంట్లో కేకలు వేయలేదు, అందరం గట్టిగా ఊపిరి వదిలాం. తర్వాత యూటా స్టేట్ మీద 106-67, డెట్రాయిట్‌లో గొంజాగా మీద 80-68.

మార్చి 31న, అదే డెట్రాయిట్‌లో, టెనసీతో మ్యాచ్ ఆ సీజన్ మొత్తానికీ నేను మళ్లీ మళ్లీ చూసే ఆట. గెలిస్తే ఫైనల్ ఫోర్, అంటే సెమీస్. పర్డ్యూ చివరిసారి అక్కడికి వెళ్లింది 1980లో. పెయింటర్‌కి గురువు, ఆ కాలేజీలోనే 25 ఏళ్లు కోచ్‌గా ఉన్న జీన్ కీడీ ఒక్కసారి కూడా వెళ్లలేకపోయారు, కోర్టుకి ఆయన పేరే ఉంది. టెనసీ నుంచి డాల్టన్ నెక్ట్ ఆపతరం కాకుండా 37 పాయింట్లు కొట్టాడు. ఎడీ 40 కొట్టాడు, 16 రీబౌండ్లు, అంటే పడకుండా తిరిగొచ్చిన బంతులు, తీశాడు. అతని వీపు మీద ఇద్దరు వేలాడుతుంటే కూడా రెండు చేతులా బంతి పైకెత్తి, మెల్లగా తిరిగి వేస్తున్నాడు. ఆఖరి నిమిషంలో నెక్ట్ దూసుకొచ్చి వేసిన బంతిని చేత్తో అడ్డేశాడు. 72-66. ముందు ఏడాది బంతి కోసం చెయ్యెత్తి నిలబడ్డ మనిషి ఇతనే. నాకు ఏడుపొచ్చింది, పక్కనున్న వరంగల్ కుర్రాడికీ వచ్చింది.

సెమీస్‌లో నార్త్ కరొలైనా స్టేట్ మీద 63-50 గెలిచారు. ఆట అంత బాగాలేదు గానీ గెలిచారు.

ఫైనల్ ఏప్రిల్ 8 రాత్రి, అరిజోనాలోని గ్లెండేల్‌లో. ఆ మధ్యాహ్నమే సూర్యగ్రహణం, గంట దూరంలోని ఇండియానాపొలిస్‌లో సంపూర్ణంగా కనిపించింది. మ్యాచ్ మొదలయ్యేసరికి ఇండియాలో ఏప్రిల్ 9 పొద్దున్న, ఉగాది. అమ్మ ఫోన్ చేస్తే పండగ పూట మ్యాచ్ ఏంట్రా అంది, రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేశాను.

కనెటికట్ యూనివర్సిటీ, అంటే యూకాన్, అప్పటికే డిఫెండింగ్ ఛాంపియన్. వాళ్ల కోచ్ డాన్ హర్లీ లెక్క తిరగేశాడు. ఎడీ మీదకి సాయం పంపలేదు. 7 అడుగుల 2 అంగుళాల డోనవన్ క్లింగన్‌ని ఒంటరిగా వదిలేసి, మిగతా నలుగురూ పర్డ్యూ షూటర్లకి అంటుకుపోయారు. ఎడీ 37 కొట్టాడు, మిగతా జట్టంతా కలిపి 23. ఏడాదంతా త్రీలతో బతికిన జట్టు ఆ రాత్రి వేసినవి 7, పడ్డది 1. 75-60. నా అభిప్రాయంలో యూకాన్ ఆ ఏడాది ఎవరికీ లొంగే జట్టు కాదు, 37-3తో ముగించింది. పర్డ్యూ 34-5తో ముగించింది. కోచ్‌గా 10 టైటిళ్లు గెలిచిన జాన్ వుడెన్ విద్యార్థిగా ఆడింది పర్డ్యూలోనే, కానీ ఈ టోర్నమెంట్ ఆ కాలేజీకి ఇప్పటిదాకా దక్కలేదు. ఆ లోటు నాకు ఇవాళ్టికీ ఉంది.

ఎడీ వరసగా రెండో ఏడాదీ దేశపు ఉత్తమ ఆటగాడయ్యాడు, 1980ల మొదట్లో రాల్ఫ్ సాంప్సన్ తర్వాత అలా ఎవరికీ రాలేదు. ఆ జూన్‌ డ్రాఫ్ట్‌లో ఎన్‌బీఏ జట్టు మెంఫిస్ గ్రిజ్లీస్ 9వ స్థానంలో తీసుకుంది. స్మిత్, లోయర్ మాత్రం పర్డ్యూలోనే ఉండిపోయారు.

ఇక మీ తమ్ముడి సంగతి. పర్డ్యూ అయినా, ఐదు టైటిళ్లున్న ఇండియానా యూనివర్సిటీ అయినా, ఏ కాలేజీలో చేరినా సరే, ఆగస్టులో దిగగానే స్టూడెంట్ టికెట్లు ఎప్పుడు ఇస్తారో కనుక్కోమనండి, సీజన్ దగ్గరపడ్డాక కష్టం. దొరక్కపోతే డిసెంబరు సెలవుల్లో చూడమనండి. అప్పుడు అమెరికన్ విద్యార్థులు ఇళ్లకి వెళ్లిపోతారు, మనవాళ్లే క్యాంపస్‌లో ఉంటారు. వెళ్లేముందు జట్టులో ఎవరు ఎన్నో ఏడాది, పోయిన మార్చిలో ఏం జరిగింది, ఈ రెండూ చదివి వెళ్లమనండి. స్కోరు బోర్డుని, బంతిని కాసేపు వదిలేసి, పై వరసలో కూర్చుని సెంటర్ ఎక్కడికి నడుస్తున్నాడో మాత్రం చూడమనండి. సగం ఆట అయ్యేసరికి ఏం జరుగుతోందో వాడే మీకు ఫోన్ చేసి చెప్తాడు.